తొలగించిన ఫైలు ఎచ్చటికి పోవును?

కంప్యూటరులో దాచుకొన్న పెండ్లి ఛాయాచిత్రములనో, ఏండ్ల తరబడి వ్రాసుకొన్న లెక్కలనో పొరపాటున తొలగించి, 'అన్నియు పోయినవి' అని కలతపడువారు పెక్కుమంది గలరు. పాత యంత్రమును అమ్మివేయుచు, 'అన్నియు తుడిచివేసితిమి' అని నిశ్చింతగా నుండువారును గలరు. ఈ ఇరుతెగలవారి నమ్మకమును పలుమారు తప్పగుచుండును. ఏలయో విచారింతము.

హార్డ్ డిస్కులో అసలు సమాచారము వేరు, ఆ సమాచారము పేరేమి, ఏయే చోట్ల నున్నది అని తెలుపు పట్టిక వేరు. ఫైలును తొలగింపుమని మనము ఆజ్ఞాపించినచో, యంత్రము సాధారణముగా పట్టికను మాత్రము సవరించి, ఆ చోటు ఖాళీ యని గుర్తు వేసి ఊరకుండును. సమాచారమంతయు చెరుపుటకు చాల సేపు పట్టును; గుర్తు వేయుటకు క్షణము చాలును. అడంగలులో పేరు కొట్టివేసినంత మాత్రమున చేనిలోని పైరు మాయము కాదు గదా! క్రొత్త పైరుకై దున్నినప్పుడే పాతది పోవును. అట్లే మరియొక ఫైలు వచ్చి ఆ చోటు నాక్రమించువరకు పాత సమాచారము అచ్చటనే యుండును.

ఎం.ఎస్. డాస్ పద్ధతిలో తొలగించిన ఫైలు పేరున మొదటి అక్షరము మాత్రమే చెరిగి, దాని స్థానమున ఒక గుర్తు పడెడిది. ఈ కిటుకును గ్రహించి అమెరికాకు చెందిన పీటర్ నార్టన్ 1982లో 'అన్‌ఎరేజ్' అను ప్రోగ్రామును వెలువరించెను. పట్టిక బొత్తిగా చెడిపోయినను మార్గము కలదు. జె.పి.ఇ.జి. చిత్రములన్నియు ఒకే విధమైన గుర్తులతో ఆరంభమగును. డిస్కునంతయు గాలించి ఆ గుర్తులనుబట్టి చిత్రములను ఏరి తీయు ప్రోగ్రాములున్నవి. అయితే ఫైలు ముక్కలుముక్కలుగా వేర్వేరు చోట్ల నున్నచో ఈ ఉపాయము తరచు విఫలమగును.

కావున ఫైలు పోయినదని తెలిసిన తోడనే మొదట రీసైకిల్ బిన్‌లో వెదకవలెను. అచ్చట లేనిచో ఆ డిస్కును గాని, కెమెరాలోని మెమరీ కార్డును గాని వాడుట వెంటనే మానవలెను. వెదకు ప్రోగ్రామును అదే డిస్కులో చేర్చరాదు. దొరికిన ఫైళ్లను మరియొక డిస్కునందే భద్రపరుపవలెను. పాతదానిపై క్రొత్త సమాచారము పడిన పిమ్మట ఎంతటి నిపుణుడును చేయగలిగినది లేదు.

నేటి ఎస్.ఎస్.డి. డిస్కుల తీరు వేరు. 'ట్రిమ్' అను ఆజ్ఞచే ఖాళీయైన చోట్లను అవి తామే చెరిపివేయుచుండును. అందుచే వానినుండి తిరిగి పొందు ఆశ మిక్కిలి తక్కువ.

ఇక రెండవ తెగవారి సంగతి. అమెరికాలోని ఎం.ఐ.టి.కి చెందిన సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలత్ అను పరిశోధకులు 158 పాత డిస్కులను కొని పరీక్షించి, 2003లో ఫలితములను ప్రకటించిరి. పనిచేయుచున్న 129 డిస్కులలో సరిగా శుభ్రపరచినవి 12 మాత్రమే! తక్కినవానిలో క్రెడిట్ కార్డుల సంఖ్యలు, వైద్య సంబంధమైన వివరములు, సొంత ఉత్తరములు బయటపడినవి.

ఇందుండి మనము గ్రహింపవలసినవి రెండు. ప్రియమైన దానికి మరియొక ప్రతిని వేరొకచోట నుంచుకొనవలెను. ఇల్లు దాటి పోవు డిస్కును, కేవలము పేర్లు తొలగించి గాక, పూర్తిగా చెరిపించి పంపవలెను.