గురక ఆగిన క్షణం

నిద్రలో ఊపిరి నిలిచిపోయే వ్యాధి నాకున్నదని తెలిసిన తర్వాత, ఒక చిన్న యంత్రంతో చెలిమి కుదరడానికి నెల రోజులు పట్టింది.

"మీ గురకకు నాకు భయం లేదండీ. అది ఆగినప్పుడే భయం వేస్తుంది" అన్నది నా భార్య.

పెళ్లయిన పద్ధెనిమిదేళ్లకు ఆమె నోట ఈ మాట విన్నాను. అప్పటికి కొన్ని నెలలుగా ఆమెకు రాత్రిళ్లు నిద్ర లేదన్న సంగతి నాకు తెలియదు. నా గురక ఉన్నట్టుండి ఆగిపోయేదట. రొమ్ము ఎగసిపడుతూనే ఉండేది గాని గాలి లోపలికి పోయేది కాదు. ఆమె మనసులో అంకెలు లెక్కపెట్టుకునేది. ఇరవై, ముప్ఫై, ఒక్కొక్కప్పుడు నలభై. భుజం పట్టి కుదపబోయేలోగా, నీట మునిగినవాడు పైకి తేలినట్టు పెద్ద శబ్దంతో ఊపిరి పీల్చి, నేను మళ్లీ గురక మొదలుపెట్టేవాణ్ణి. తెల్లవారితే నాకేమీ జ్ఞాపకం ఉండేది కాదు.

నేను వృత్తిరీత్యా అనువాదకుణ్ణి. వయసు నలభై ఆరు. ఆ ఏడాది నా పనిలో వింత లోపాలు దొర్లసాగాయి. ఒకే వాక్యాన్ని రెండుసార్లు అనువదించేవాణ్ణి. పేరా మధ్యలో కునుకు పట్టి కలం కాగితం మీద జారిపోయేది. ఉదయం లేస్తూనే తలనొప్పి, పిడచకట్టిన నోరు. దానికి తోడు మందులకు లొంగని రక్తపోటు. వయసు మీద పడుతున్నదని సరిపెట్టుకున్నాను.

ఒక సాయంకాలం గుంటూరు నుంచి విజయవాడకు స్కూటరు మీద తిరిగి వస్తూ ఉండగా, మంగళగిరి దాటిన తర్వాత రెప్పపాటు కాలం నా కన్ను మూతపడింది. తెరిచేసరికి బండి రోడ్డు దిగి మట్టిలో నడుస్తున్నది. వెనుక కూర్చున్నది పదకొండేళ్ల నా కూతురు. ఆ రాత్రే నా భార్య నోరు విప్పింది. మర్నాడు వైద్యుని దగ్గరకు వెళ్లాం.

నవ్వించిన పాత్ర

కాలేజీలో ఆంగ్ల సాహిత్యం చదువుకునే రోజుల్లో చార్లెస్ డికెన్స్ రాసిన 'పిక్విక్ పేపర్స్' నన్ను కడుపుబ్బ నవ్వించింది. 1836-37లలో భాగాలుగా వెలువడిన ఆ నవలలో జో అనే స్థూలకాయుడైన పనికుర్రవాడు ఉంటాడు. నిలుచున్నచోటనే నిద్రపోతాడు, వడ్డన చేస్తూ గురక పెడతాడు. నూట ఇరవై ఏళ్ల తర్వాత, 1956లో, కొందరు అమెరికన్ వైద్యులు అటువంటి లక్షణాలు గల ఒక రోగిని గురించి రాస్తూ ఆ జబ్బుకు పిక్విక్ పేరు పెట్టారు. ఆ రోగి ఒక వ్యాపార సంస్థలో అధికారి. పేకాటలో మూడు ఆసులు, రెండు రాజులు ఒకేసారి చేతికొచ్చినా, పందెం కాయకుండా కునుకు తీశాడట! నాకున్న వ్యాధి దానికి దగ్గరి చుట్టం. పేరు స్లీప్ ఆప్నియా. గ్రీకు మూలాన్ని బట్టి ఆప్నియా అంటే ఊపిరి లేకపోవడం.

గురక పెట్టేవాడు హాయిగా నిద్రపోతున్నాడని మనవాళ్ల నమ్మకం. కుంభకర్ణుడితో పోల్చి నవ్వుకుంటాం. వాస్తవం వేరు. నిద్రలో కండరాలన్నీ సడలుతాయి. కొందరిలో నాలుక మొదలు, మెత్తని అంగిలి వెనక్కి వాలి గొంతులోని గాలి దారిని మూసివేస్తాయి. రక్తంలో ప్రాణవాయువు తగ్గుతుంది. మెదడు ఉలిక్కిపడి క్షణకాలం మేల్కొలిపితే దారి తెరుచుకుంటుంది. మళ్లీ నిద్ర, మళ్లీ మూత. స్థూలకాయులకే ఇది వస్తుందనుకోవడం కూడా పొరపాటు. కింది దవడ చిన్నదిగా ఉన్న బక్కపలుచని వారికీ, టాన్సిల్స్ పెరిగిన పిల్లలకూ రావచ్చు.

ఆసుపత్రిలో తలకు, ఛాతీకి, కాళ్లకు తీగలు అంటించి ఒక రాత్రంతా నా నిద్రను పరీక్షించారు. శ్వాస కనీసం పది సెకండ్లు ఆగినా, బాగా మందగించినా దాన్ని ఒక అవరోధంగా లెక్కిస్తారు. పెద్దవారిలో గంటకు 5 లోపు ఉంటే భయం లేదు. 30 దాటితే తీవ్రమైన వ్యాధి. నాకు 42 వచ్చాయి. అంటే రాత్రి పొడుగునా నిమిషంన్నరకొకసారి నా గొంతును ఎవరో నొక్కి వదులుతున్నట్టే!

ఈ వ్యాధిని ఉపేక్షిస్తే రక్తపోటు, గుండెజబ్బు, పక్షవాతం వచ్చే ప్రమాదం పెరుగుతుంది. 'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్' చిత్రాల పాటలతో మనకు సుపరిచితుడైన బప్పీ లాహిరి 2022 ఫిబ్రవరిలో మరణించినప్పుడు, ఈ వ్యాధే కారణమని వైద్యులు తెలిపారు.

గాలితో వేసిన గుంజ

ఒకప్పుడు ఈ రోగం ముదిరితే గొంతుకు రంధ్రం చేయడం తప్ప గత్యంతరం లేదు. 1980లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో డాక్టర్ కోలిన్ సల్లివన్ ఒక కొత్త ఉపాయం ఆలోచించారు. ముక్కు ద్వారా ఎడతెగకుండా కొద్దిపాటి ఒత్తిడితో గాలి పంపితే గొంతు మూసుకోదు కదా! గొంతుకు శస్త్రచికిత్స జరగవలసిన ఒక రోగి ఈ ప్రయోగానికి అంగీకరించాడు. గాలి ఒత్తిడి తగినంత పెరగగానే అతని శ్వాస కుదుటపడింది. రాత్రంతా గాఢంగా నిద్రపోయాడు. ఐదుగురు రోగుల అనుభవంతో 1981లో 'లాన్సెట్' పత్రికలో సల్లివన్ బృందం వ్యాసం ప్రకటించింది. నేడు ప్రపంచమంతటా సీపాప్ అని పిలుస్తున్నది ఆ యంత్రాన్నే.

అది ప్రాణవాయువు సిలిండరు కాదు. గదిలోని మామూలు గాలినే వడగట్టి, గొట్టం ద్వారా ముక్కుకు తొడిగిన మాస్కులోకి పంపుతుంది. పందిరికి గుంజలాగా ఆ గాలి గొంతు గోడలను కూలకుండా నిలబెడుతుంది. కావలసిన ఒత్తిడి ఎంతో కాదు. పది సెంటీమీటర్ల ఎత్తు నీళ్లున్న గ్లాసు అడుగున ఎంత ఒత్తిడి ఉంటుందో, చాలామందికి దాదాపు అంతే.

మొదటి రాత్రులు

ఇంతా తెలిసి కూడా తొలిరాత్రి నేను ఓడిపోయాను. మాస్కు తొడుక్కోగానే నా కూతురు "నాన్నా, ఏనుగు తొండం!" అని చప్పట్లు కొట్టింది. దీపం ఆర్పాక నాకు నవ్వు రాలేదు. కిటికీలోంచి తల బయటపెట్టి రైలుప్రయాణం చేస్తున్నట్టు గాలి ముక్కులో దూరుతున్నది. వదిలిన ఊపిరి తిరిగి ముఖానికే కొడుతున్నట్టుంది. రెండు గంటలకు మాస్కు పీకి పారేశాను. నాలుగో రోజున యంత్రాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాను.

పది రోజుల తర్వాత ఒక రాత్రి మెలకువ వచ్చి చూస్తే, నా భార్య గోడకు చేరగిలబడి కూర్చుని ఉంది. వేళ్ల కణుపుల మీద ఏదో లెక్కపెడుతున్నది. నేనేమీ అడగలేదు. తెల్లవారగానే బీరువా తాళం తీశాను.

ఈసారి ఆసుపత్రిలోని సాంకేతిక నిపుణురాలి సలహా విన్నాను. "పడుకునేటప్పుడు కాదండీ, మొదట పగలు అలవాటు చేసుకోండి" అన్నదామె. రెండు రోజులు గాలి లేకుండా ఉత్త మాస్కు పెట్టుకుని పేపరు చదివాను. తర్వాత యంత్రం నడిపి ప్రూఫులు దిద్దాను. ఆ పైన మధ్యాహ్నపు కునుకు. చివరకు రాత్రి. నాకు అమ్మినవారు కొలత చూడకుండా పెద్ద మాస్కు అంటగట్టారని అప్పుడే తెలిసింది. సరైనది దొరికాక సగం బాధ తీరింది.

కొత్తగా మొదలుపెట్టేవారికి నా అనుభవంలోంచి నాలుగు మాటలు:

మాస్కు పట్టీలను బిగించి కట్టకండి. బిగిస్తే చర్మం ఒరుసుకుంటుంది గాని గాలి కారడం ఆగదు. పడుకున్న భంగిమలోనే సరిచూసుకోండి.

తక్కువ ఒత్తిడితో మొదలై క్రమంగా పెరిగే ఏర్పాటు చాలా యంత్రాలలో ఉంటుంది, దాన్ని వాడుకోండి. అసలు ఒత్తిడిని మాత్రం వైద్యుని సలహా లేకుండా మార్చకండి.

ముక్కు, గొంతు ఎండిపోతుంటే గాలికి తేమనిచ్చే తొట్టిని అమర్చుకోండి. అందులో డిస్టిల్డ్ వాటర్ పోసి రోజూ మార్చండి. మాస్కు మెత్తటి భాగాన్ని ప్రతి ఉదయం సబ్బునీటితో కడగండి.

కరెంటు పోతే మాస్కు తీసివేయండి. వీలైతే ఇన్వర్టరుకు కలపండి. మద్యం, వైద్యుడు చెప్పని నిద్రమాత్రలు గొంతును మరింత సడలిస్తాయి. వాటి జోలికి పోకండి.

రాత్రికి కనీసం నాలుగు గంటలన్నది లెక్కల కోసం పెట్టిన హద్దు. నిద్రపోయినంత సేపూ వాడితేనే పూర్తి ఫలితం. ఇది కళ్లజోడు వంటిది; పెట్టుకున్నంత సేపే పనిచేస్తుంది. బరువు తగ్గితే వ్యాధి తీవ్రత తగ్గవచ్చు.

నెల తిరిగేసరికి యంత్రం చూపే అంకె 42 నుంచి 3కు దిగింది. తలనొప్పి పోయింది. రక్తపోటు మాత్ర ఒకటి తగ్గించారు. వైద్యుడు సరేననే దాకా స్కూటరు ముట్టుకోలేదు.

మొన్న ఒక రాత్రి ఎందుకో మెలకువ వచ్చింది. పక్కన నా భార్య గాఢనిద్రలో ఉంది. సన్నగా గురక పెడుతున్నది. అలవాటు లేని పని కదా, చెవి ఒగ్గి అంకెలు లెక్కపెట్టాను. నూరు దాటినా ఆ గురక ఒక్కసారి కూడా ఆగలేదు. మాస్కు సర్దుకుని నిశ్చింతగా కళ్లు మూసుకున్నాను.