చివరివాడి వేగం

కిందటి చలికాలంలో మా సంఘస్థులం 11 మందిమి కరీంనగర్ నుంచి సైకిళ్లతో నిర్మల్ చేరి, అక్కడ రాత్రి బస చేశాం. తెల్లవారుజామున ప్రార్థన చేసుకుని ఆదిలాబాద్‌కు బయలుదేరాం. సుమారు 80 కిలోమీటర్ల దారి. మధ్యలో మహబూబ్ ఘాట్.

చదును రోడ్డు మీద ముందువాడు ఎదురుగాలిని భరిస్తే వెనకవాడికి శ్రమ తగ్గుతుంది. అందుకే వంతులవారీగా ముందు తొక్కాం. ఘాట్ ఎక్కేటప్పుడు ఆ సాయం దాదాపు ఉండదు. వేగం పడిపోతుంది, ఎవరి బరువు వారే లాక్కోవాలి. టేకుచెట్ల మధ్య మలుపులు తిరుగుతూ బలమున్నవాళ్లం ముందుకు సాగిపోయాం. పైకి చేరి, నీళ్లు తాగి, ఫొటోలు దిగాక లెక్కపెడితే 10 మందిమే ఉన్నాం. పెద్దాయన లేరు.

భార్య చనిపోయాక ఆయన ఆరాధనకు రావడం తగ్గించారు. పట్టుబట్టి తీసుకొచ్చింది మేమే. ఇద్దరం వెనక్కి దిగి వెళ్లాం. చైను ఊడిపోయి, చేతులకు నల్లటి గ్రీజు అంటుకుని, సైకిలు నెట్టుకుంటూ వస్తున్నారు. ‘‘మీరు పోయిండ్రనుకున్న తమ్మీ’’ అన్నారు. అందులో కోపం లేదు. అదే మమ్మల్ని ఎక్కువ బాధించింది. ఆరు నెలల్లో ఆయన ఇంటికి మేం వెళ్లింది రెండుసార్లే.

యాకోబు తన అన్న ఏశావును కలుసుకున్నప్పుడు, కలిసి ప్రయాణం చేద్దామన్నాడు ఏశావు. ఆయన వెంట 400 మంది ఉన్నారు. యాకోబు వెంట పసిపిల్లలు, పాలిచ్చే పశువులు. ఒక్కరోజు వడిగా తోలినా మంద చచ్చిపోతుందని, పిల్లలు నడవగలిగినంత మెల్లగా వస్తానని యాకోబు బదులిచ్చాడు (ఆది 33:12-14). అంతకుముందు రాత్రే దేవునితో పెనుగులాడి తొడగూడు దెబ్బతిని కుంటుతున్నవాడు ఆయన. కుంటేవాడికే వెనకబడేవారి బాధ తెలుస్తుంది.

ఘాట్ దాటాక పెద్దాయననే ముందు ఉంచాం. ఆయన తొక్కినంతే మేమూ తొక్కాం. నేరడిగొండ దగ్గర కుంటాల జలపాతం చూడాలన్న కోరిక మానుకున్నాం. ఆదిలాబాద్ చేరేసరికి దీపాలు వెలిగాయి. అయితేనేం, 11 మందిమీ చేరాం.

మన సంఘాల్లో కూటాలు పెరుగుతున్నాయి, పాటలు పెరుగుతున్నాయి. మంచిదే. కానీ ఏ మలుపు దగ్గర ఎవరు ఆగిపోయారో వెనక్కి తిరిగి చూస్తున్నామా? ఈ ఆదివారం ఖాళీగా కనిపించే కుర్చీ ఎవరిదో గుర్తుచేసుకుందాం. సాయంత్రం ఆ ఇంటి తలుపు తడదాం. నూటిలో ఒక్కటి తప్పిపోతే వెదకుతూ వెళ్లిన కాపరి మందకు చెందినవాళ్లం కదా మనం!