వద్దనుకున్న ప్లేయర్లతో ప్లేఆఫ్స్ దాకా: గోల్డెన్ స్టేట్ వాల్కిరీస్ మొదటి సీజన్ కథ

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకటే అడిగారు, "క్రికెట్ కాకుండా వేరే ఏదైనా చెప్పండి" అని. అందుకే ఈ రోజు బాస్కెట్‌బాల్. అది కూడా అమ్మాయిల బాస్కెట్‌బాల్. ఆగండి ఆగండి, స్క్రోల్ చేసేయకండి. రూల్స్ తెలియకపోయినా ఈ కథ అర్థమవుతుంది.

ముందు ఒక మాట. నేను ఇంటర్ దాకా బాస్కెట్‌బాల్ ఆడాను. ఆడాను అంటే, ఎక్కువ భాగం బెంచీ మీద కూర్చుని వాటర్ బాటిల్స్ అందించాను. టీమ్ లిస్ట్ నోటీస్ బోర్డు మీద పెట్టినప్పుడు మన పేరు కింద నుంచి వెతుక్కుంటాం చూడండి, నేను ఆ బ్యాచ్. అందుకే ఈ టీమ్ మీద నాకు కొంచెం పక్షపాతం ఉంది. అది ముందే ఒప్పేసుకుంటున్నా.

విషయానికి వస్తే, అమెరికాలో డబ్ల్యూఎన్‌బీఏ అని మహిళల ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఉంది. 1997లో మొదలైంది. 2008లో అట్లాంటా డ్రీమ్ అనే టీమ్ వచ్చాక, మళ్ళీ ఒక్క కొత్త టీమ్ కూడా రాలేదు. ఉన్నవే కొన్ని మూతపడ్డాయి. ఉత్తర కాలిఫోర్నియాలో శాక్రమెంటో మోనార్క్స్ అని ఒక టీమ్ ఉండేది, 2005లో ఛాంపియన్స్ కూడా అయ్యారు. 2009లో అది కూడా పోయింది. అంటే మన తెలుగువాళ్ళు వేలల్లో ఉండే శాన్ హోసే, ఫ్రీమాంట్, సన్నీవేల్ వైపు దగ్గర్లో పదిహేనేళ్ళ పాటు ఈ లీగ్ టీమే లేదు.

2023 అక్టోబర్‌లో ఆ ప్రాంతానికి కొత్త టీమ్ ఇస్తున్నామని ప్రకటించారు. కొన్నది ఎవరు? స్టెఫ్ కర్రీ ఆడే గోల్డెన్ స్టేట్ వారియర్స్ ఓనర్లే, జో లేకబ్, పీటర్ గూబర్. ఎంట్రీ ఫీజు 5 కోట్ల డాలర్లు అని వార్తలు వచ్చాయి. మన డబ్బుల్లో 400 కోట్ల పైమాటే. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్ళీ దీని దగ్గరికి వస్తాను. 2024 మేలో పేరు పెట్టారు, గోల్డెన్ స్టేట్ వాల్కిరీస్. వాల్కిరీలు అంటే ఉత్తర ఐరోపా పురాణాల్లో ఒక రకం యోధురాళ్ళు. యుద్ధభూమిలో పడిపోయిన వాళ్ళలోంచి ఎవరిని తీసుకెళ్ళాలో ఎంచుకునే వాళ్ళు. పేరు పెట్టినవాళ్ళు ఇంత ఆలోచించారో లేదో కానీ, ఈ టీమ్ తయారైన పద్ధతికి ఆ పేరు భలే కుదిరింది. ఎలాగో చెప్తాను.

మన ఐపీఎల్‌లో 2022లో గుజరాత్, లక్నో కొత్తగా వచ్చాయి కదా. గుజరాత్ మొదటి ఏడాదే కప్పు కొట్టింది, లక్నో ప్లేఆఫ్స్‌కి వెళ్ళింది. "అయితే ఇందులో గొప్పేముంది" అంటారేమో. తేడా ఇక్కడే ఉంది. ఆ ఏడాది మెగా వేలం జరిగింది. పాత టీమ్‌లు నలుగురిని మాత్రమే ఉంచుకోగలిగాయి, మిగతా అందరూ బయటికి వచ్చేశారు. వేలానికి ముందే కొత్త టీమ్‌లకి ముగ్గురేసి ప్లేయర్లని తీసుకునే వీలు కూడా ఇచ్చారు. హార్దిక్ పాండ్యా, రషీద్ ఖాన్, శుభ్‌మన్ గిల్ గుజరాత్‌కి అలాగే వచ్చారు. అంటే దాదాపు అందరూ ఒకే గీత మీద నుంచి పరుగు మొదలుపెట్టారు.

డబ్ల్యూఎన్‌బీఏలో అలా కాదు. అక్కడ ఎక్స్‌పాన్షన్ డ్రాఫ్ట్ అని ఒకటి పెడతారు. అప్పటికే ఉన్న 12 టీమ్‌లూ ఒక్కొక్కటి ఆరుగురు ప్లేయర్ల పేర్లు రాసి "వీళ్ళని ముట్టుకోవద్దు" అని ఇచ్చేస్తాయి. టీమ్‌లో ఉండేదే 11, 12 మంది. టాప్ ఆరుగురూ పోయాక మిగిలిన వాళ్ళలోంచి, ఒక్కో టీమ్ నుంచి ఒక్కరిని మాత్రమే కొత్త టీమ్ తీసుకోవచ్చు. పెళ్ళి భోజనంలో ఆఖరి బంతికి వచ్చినవాళ్ళ పరిస్థితి అన్నమాట. బూరెలు అయిపోయాయి, పులిహోర అడుగు కొంచెం మిగిలింది.

అందుకే పాత కొత్త టీమ్‌ల చరిత్ర చూస్తే భయమేస్తుంది. 2006లో వచ్చిన చికాగో స్కై మొదటి సీజన్‌లో 5 గెలిచి 29 ఓడిపోయింది. 2008లో అట్లాంటా డ్రీమ్ వరసగా మొదటి 17 మ్యాచ్‌లు ఓడిపోయింది, మొత్తం 4 గెలుపులు, 30 ఓటములు.

వాల్కిరీస్ డ్రాఫ్ట్ 2024 డిసెంబర్ 6న జరిగింది. జనరల్ మేనేజర్ ఒహేమా న్యానిన్, కోచ్ నటాలీ నకాసే కలిసి 11 మందిని తీసుకున్నారు. సియాటిల్ నుంచి అసలు ఎవరినీ తీసుకోలేదు. లిస్ట్ చూసి చాలామంది పెదవి విరిచారు. స్టార్ అని చెప్పుకోదగ్గ పేరు లేదు. ఇటలీ, ఫ్రాన్స్, బెల్జియం, స్పెయిన్, ఆస్ట్రేలియా, ఇంగ్లండ్, ఇలా సగం మంది విదేశీయులు. కొంతమంది అయితే అప్పటికి డబ్ల్యూఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

ఈ 11 మందిలో ఇద్దరి గురించి చెప్తాను. ఎందుకంటే నాకు ఈ సీజన్ అంటే వీళ్ళిద్దరే.

మొదటి ఆవిడ వెరోనికా బర్టన్. 2022లో డల్లాస్ టీమ్ ఈమెని ఏడో నంబర్ పిక్‌గా తీసుకుంది. అంటే మంచి ర్యాంకే. రెండేళ్ళయ్యాక, 2024 సీజన్ మొదలవ్వక ముందే తీసేసింది. కనెటికట్ టీమ్ తీసుకుంటే అక్కడా ఎక్కువ బెంచీయే. మ్యాచ్‌కి సగటున 3 పాయింట్ల దగ్గర ఆగిపోయింది. వాల్కిరీస్‌కి వచ్చాక ఆమె చేతికే బంతి ఇచ్చారు, మొత్తం ఆట నడిపించమన్నారు. ఆ సీజన్‌లో మ్యాచ్‌కి దాదాపు 12 పాయింట్లు, 6 అసిస్ట్‌లు. చివర్లో మోస్ట్ ఇంప్రూవ్డ్ ప్లేయర్ అవార్డు. ఒక్క ఏడాదిలో మనిషి కొత్తగా ఆట నేర్చుకుందా? నాకైతే అలా అనిపించదు. ఆట ముందే ఉంది, ఆడే టైమ్ దొరకలేదు అంతే. కోర్టు మీద నిమిషాలు ఇచ్చే వాళ్ళు ఉంటేనే ఎవరి ఆటైనా కనపడేది. బెంచీ మీద కూర్చున్న మనిషిగా ఇది నా గట్టి అభిప్రాయం. (నా విషయంలో మాత్రం టైమ్ ఇచ్చినా పెద్ద ఉపయోగం ఉండేది కాదు, అది వేరే సంగతి.)

రెండో ఆవిడ కేలా థార్న్‌టన్. 2014లో కాలేజీ అయిపోయాక డ్రాఫ్ట్‌లో ఈమెని ఎవరూ తీసుకోలేదు. ఒక్క టీమ్ కూడా. అయినా లీగ్‌లోకి ఎలాగో వచ్చి, పదేళ్ళ పాటు డిఫెన్స్ ఆడుతూ, స్టార్ల పక్కన నిలబడి నెట్టుకొచ్చింది. 2024లో న్యూయార్క్ లిబర్టీ కప్పు గెలిచింది, ఆ టీమ్‌లో ఉంది. కప్పు గెలిచిన రెండు నెలలకే ఆ టీమ్ కాపాడుకున్న ఆరుగురిలో ఈమె పేరు లేదు. వాల్కిరీస్‌లో అదే మనిషి 32 ఏళ్ళ వయసులో టాప్ స్కోరర్ అయి, జీవితంలో మొదటిసారి ఆల్ స్టార్ మ్యాచ్ ఆడింది. అది 2025 జులై 19న. సరిగ్గా కొన్ని రోజుల్లో ప్రాక్టీస్‌లో మోకాలు దెబ్బతింది. ఆపరేషన్, సీజన్ అయిపోయింది. నేను ఆ న్యూస్ ఫోన్‌లో చూసి "ఇక వీళ్ళ పని అయిపోయినట్టే" అనుకున్నా. నా అంచనా తప్పింది.

కోచ్ నకాసే గురించి కూడా ఒక నిమిషం. జపనీస్ మూలాలున్న అమెరికన్. ఐదడుగుల పైన ఒకటి రెండు అంగుళాలు అంతే. యూసీఎల్ఏ కాలేజీ టీమ్‌లోకి స్కాలర్‌షిప్ లేకుండా వచ్చింది. తర్వాత జపాన్‌లో మగవాళ్ళ ప్రొఫెషనల్ టీమ్‌కి కోచింగ్ ఇచ్చింది. ఎన్‌బీఏలో క్లిప్పర్స్ దగ్గర వీడియోలు కట్ చేసే ఉద్యోగంతో మొదలుపెట్టింది. లాస్ వేగాస్ ఏసెస్‌లో అసిస్టెంట్‌గా 2022, 2023 కప్పుల్లో భాగం. డబ్ల్యూఎన్‌బీఏ చరిత్రలో మొదటి ఏషియన్ అమెరికన్ హెడ్ కోచ్ ఆమే. ఆట ప్లాన్ సింపుల్: స్టార్ లేదు కాబట్టి అందరూ డిఫెన్స్‌లో చచ్చేలా పరిగెత్తాలి, అటాక్‌లో దూరం నుంచి త్రీ పాయింటర్లు ఎక్కువ వేయాలి.

మొదటి మ్యాచ్ మే 16న, లాస్ ఏంజెలెస్ స్పార్క్స్ మీద, సొంత కోర్టులో. 84-67తో ఓడిపోయారు. అవతల కెల్సీ ప్లమ్ ఒక్కతే 37 కొట్టింది. "చెప్పాం కదా" అన్నారు జనాలు. ఐదు రోజులకి అదే స్పార్క్స్ మీద, వాళ్ళ ఊర్లోనే 82-73తో మొదటి గెలుపు. జూన్‌లో నకాసే పాత టీమ్ ఏసెస్‌ని 95-68తో చితక్కొట్టారు.

అదే జూన్‌లో ఇంకో తలనొప్పి. యూరప్‌లో యూరోబాస్కెట్ టోర్నమెంట్ వచ్చింది, విదేశీ ప్లేయర్లు కొంతమంది వాళ్ళ దేశాల కోసం వెళ్ళిపోయారు. ఇక్కడ ఒక చేదు సంగతి చెప్పాలి. జూలీ వాన్‌లూ అని బెల్జియం అమ్మాయి, ఆ టోర్నమెంట్ గెలిచి మెడలో మెడల్‌తో తిరిగి వచ్చింది. వచ్చీ రాగానే టీమ్ ఆమెని తీసేసింది. తర్వాత స్పార్క్స్ తీసుకుంది అనుకోండి. "వద్దనుకున్న వాళ్ళకి చోటిచ్చిన టీమ్" అని మనం పొగుడుతున్నాం కదా, ఆ టీమ్ కూడా అవసరమైనప్పుడు అదే పని చేసింది. లీగ్‌లో సీట్లే తక్కువ, ఒకరు రావాలంటే ఒకరు లేవాలి.

సెప్టెంబర్ 4న డల్లాస్ మీద 84-80తో గెలిచి ప్లేఆఫ్స్ బెర్త్ ఖాయం చేసుకున్నారు. డబ్ల్యూఎన్‌బీఏలో ఒక ఎక్స్‌పాన్షన్ టీమ్ మొదటి సీజన్‌లోనే ప్లేఆఫ్స్‌కి వెళ్ళడం ఇదే మొదటిసారి. మొత్తం 44 మ్యాచ్‌ల్లో 23 గెలుపులు, 21 ఓటములు. నిజాయితీగా ఒకటి చెప్పాలి. 1998లో డెట్రాయిట్ షాక్ మొదటి సీజన్‌లో 30కి 17 గెలిచింది, శాతం లెక్కన అది వీళ్ళ కన్నా మెరుగు. కానీ వాళ్ళు ప్లేఆఫ్స్‌కి వెళ్ళలేకపోయారు.

ఇక జనం. చేజ్ సెంటర్‌లో 18,064 సీట్లు. సొంత కోర్టులో 22 మ్యాచ్‌లు, 22కి 22 హౌస్‌ఫుల్. అంటే 3,97,408 మంది. లీగ్ చరిత్రలోనే రికార్డు.

ఇప్పుడు ఇందాకటి అంకె దగ్గరికి వద్దాం. 2025లో ఈ లీగ్‌లో ఒక టీమ్ మొత్తం ప్లేయర్లకి ఇచ్చే జీతాల పరిమితి ఎంతో తెలుసా? దాదాపు 15 లక్షల డాలర్లు. మన లెక్కలో 13 కోట్లు. ఒక్కరికి కాదండి, టీమ్ మొత్తానికి. రిషభ్ పంత్ ఒక్కడికి ఐపీఎల్‌లో 27 కోట్లు పెట్టారు, అందులో సగం. అతి తక్కువ జీతం 66 వేల డాలర్లు, శాన్ ఫ్రాన్సిస్కో అద్దెలు కట్టేవాళ్ళని అడగండి అది ఏ మూలకి వస్తుందో. అదే సమయంలో స్పోర్టికో అనే బిజినెస్ సైట్ ఈ టీమ్ విలువ 50 కోట్ల డాలర్లు అని లెక్కకట్టింది. ఫీజుకి పదింతలు, ఇంకా మొదటి సీజన్ కూడా పూర్తి కాకముందే. అందుకే ఆల్ స్టార్ మ్యాచ్ రోజు ప్లేయర్లు "మాకు రావాల్సింది మాకు ఇవ్వండి" అనే అర్థం వచ్చే టీ షర్టులు వేసుకుని వార్మప్‌కి వచ్చారు. టికెట్లు అమ్ముడయ్యేది ఎవరిని చూసి అనేది వాళ్ళ ప్రశ్న. నాకైతే అందులో అత్యాశ ఏమీ కనపడలేదు.

ప్లేఆఫ్స్ సంగతి త్వరగా చెప్పేస్తా, ఎందుకంటే ఇప్పటికీ బాధేస్తుంది. వీళ్ళది ఎనిమిదో స్థానం, ఎదురుగా మొదటి స్థానంలో ఉన్న మిన్నెసోటా లింక్స్. మొదటి మ్యాచ్ 101-72, పూర్తిగా ఏకపక్షం. రెండోది సొంతూర్లో ఆడాలి. కానీ చేజ్ సెంటర్‌ని ఆ వారం లేవర్ కప్ టెన్నిస్‌కి ముందే ఇచ్చేశారు! ప్లేఆఫ్స్ దాకా వస్తారని ఎవరూ అనుకోలేదు మరి. అందుకని మ్యాచ్ శాన్ హోసేకి, ఐస్ హాకీ ఆడే ఎస్ఏపీ సెంటర్‌కి మారింది. అక్కడా 18 వేల పైనే జనం వచ్చారు.

మా పెద్దమ్మ కూతురు శాన్ హోసేలోనే ఉంటుంది. ఆఫీస్ నుంచి అటే వెళ్ళింది, తొమ్మిదేళ్ళ కూతురికి ఊదా రంగు టీ షర్ట్ వేసి. నేను ఇక్కడ పొద్దున్నే ఫోన్‌లో స్కోర్ చూస్తూ టిఫిన్ మాడ్చేశా. 17 పాయింట్ల ఆధిక్యం. అక్క వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టింది, అరుపుల్లో ఒక్క ముక్క వినపడలేదు. తర్వాత ఆధిక్యం 10 అయింది, 5 అయింది, పోయింది. 75-74. చివరి షాట్ పడలేదు.

చాలాసేపు అక్క నుంచి మెసేజ్ లేదు. నేనే ఫోన్ చేశా. పార్కింగ్‌లో ఇరుక్కుపోయారట. "పిల్ల ఏడ్చిందా?" అంటే, "లేదు, వచ్చే ఏడాది బర్టన్ ఇక్కడే ఉంటుందా అని నిముషానికోసారి అడుగుతోంది, ఏం చెప్పాలో తెలియట్లేదు" అంది.

ఆమె అడిగింది చిన్న ప్రశ్న కాదు. 2026లో పోర్ట్‌లాండ్, టొరంటో కొత్తగా వస్తున్నాయి. తర్వాత క్లీవ్‌లాండ్, డెట్రాయిట్, ఫిలడెల్ఫియా, ఒక్కొక్కటి 25 కోట్ల డాలర్ల ఫీజుతో. ప్రతి కొత్త టీమ్‌కీ మళ్ళీ డ్రాఫ్ట్ ఉంటుంది. ఈసారి "ముట్టుకోవద్దు" అనే లిస్ట్ వాల్కిరీస్ కూడా రాయాలి. మీరైతే ఆ లిస్ట్‌లో ఎవరి పేర్లు రాస్తారో కామెంట్‌లో పెట్టండి. నావి బర్టన్, థార్న్‌టన్. మిగతావి మీరు చెప్పండి, వచ్చే ఎపిసోడ్‌లో చదువుతాను. ఉంటానండి.