సోమవారం ఉదయపు వాసన

లేత్ యంత్రాల నడుమ పనిచేసినవారికి సోమవారం ఉదయపు వాసన చిరపరిచితమే. శనివారం సాయంత్రం యంత్రాలు ఆపి వెళ్ళిన పనివారు సోమవారం కూలెంటు పంపు నడపగానే మురిగిన కోడిగ్రుడ్డు వాసన గుప్పుమంటుంది. హైదరాబాదు బాలానగర్‌లోని చిన్న వర్క్‌షాపు కానివ్వండి, ప్లేనో సమీపాన గార్లండ్‌లోని పెద్ద కర్మాగారం కానివ్వండి, ఈ విషయంలో భేదం లేదు. రెండు రోజులు కదలిక లేక, గాలి సోకక నిలిచిన ద్రవంలో ప్రాణవాయువు అక్కరలేని సూక్ష్మజీవులు వృద్ధిచెంది, అందులోని సల్ఫేటు లవణాలను హైడ్రోజన్ సల్ఫైడుగా మారుస్తాయి. ఆ దుర్గంధం దానిదే. లోహాన్ని చల్లబరచడానికి పోసిన ద్రవం మరొక జీవరాశికి ఆహారమవుతున్నదన్నమాట.

ఉక్కును చెక్కేటప్పుడు ఖర్చయ్యే శక్తి దాదాపు అంతా వేడిగా మారుతుంది. అందులో చాలాభాగాన్ని తెగిపడే తురుమే మోసుకుపోయినా, మిగిలినది టూలు మొనను మెత్తబరచి అరగదీస్తుంది. 1880 దశకంలో ఫిలడెల్ఫియాలోని మిడ్‌వేల్ ఉక్కు కర్మాగారంలో ఫ్రెడరిక్ టేలర్, మొన వద్ద నీటిని ధారగా పోస్తే కోత వేగాన్ని 30 నుండి 40 శాతం పెంచవచ్చునని కనుగొన్నాడు. తుప్పు పట్టకుండా ఆ నీటిలో సోడా కలిపారు. ఈ ఫలితాలను ఆయన 1906లో వెల్లడించాడు.

నీటిని మించి వేడిని లాగే చౌక ద్రవం లేదు. కాని దానికి జారుడు గుణం తక్కువ. నూనెది ఇందుకు విరుద్ధ స్వభావం. మరలు కోయడం వంటి నెమ్మదైన, బరువైన పనులకు నీరు కలపని నూనెనే వాడతారు. దానిలో చేర్చిన గంధకం, భాస్వరం, క్లోరిన్ సమ్మేళనాలు ఆ వేడికి లోహంతో చర్య జరిపి పలుచని పొరగా ఏర్పడి, లోహం లోహానికి అతుక్కోకుండా ఆపుతాయి. వేగంగా సాగే పనులకు నీరు, నూనె రెండూ కావాలి. అవి కలవవు గనుక వాటి మధ్య రాయబారిగా సబ్బు వంటి పదార్థం అవసరం. 100 పాళ్ళ ద్రవంలో సుమారు 5 పాళ్ళ సొల్యూబుల్ ఆయిల్ ఉంటే పాలవంటి తెల్లని ద్రవం సిద్ధమవుతుంది. దీనినే పనివారు కూలెంటు అంటారు. నీటిలో నూనెను పోయాలే గాని, నూనెలో నీటిని పోయరాదు. పోస్తే ద్రవం సరిగా కలవక పెరుగులా గడ్డకడుతుంది. బోరునీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు కూడా సబ్బును విరిచి నూనెను పైకి తేల్చేస్తాయి. హైదరాబాదులో దీనిని ఎరుగని టర్నరు అరుదు. నూనె మరీ తక్కువగా, లేదా అసలే లేకుండా చేసే సెమీ సింథటిక్, సింథటిక్ ద్రవాలు తరువాత వచ్చినవి.

తుప్పును ఆపడానికి చాలాకాలం సోడియం నైట్రైటును, దానితోపాటు ఇథనోలమీన్లను కలిపేవారు. విడివిడిగా రెండూ తమ పని చక్కగానే చేస్తాయి. కలిసి తొట్టిలో నిలిస్తే మాత్రం నైట్రోసోడైఇథనోలమీన్ అనే పదార్థం పుడుతుంది. ఇది జంతువులలో క్యాన్సరు కలిగిస్తుంది, పైగా చర్మం గుండా శరీరంలోకి ప్రవేశించగలదు. మోచేతుల వరకు తడిసి పనిచేసేవారికి ఇంతకన్న ప్రమాదకరమైనది ఏముంటుంది? 1970 దశకంలో ఈ సంగతి బయటపడగా, 1984లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ కొన్ని ద్రవాలలో నైట్రైటు చేర్చడాన్ని నిషేధించింది.

ఇక సూక్ష్మజీవుల సంగతి. వాసన రాగానే క్రిమిసంహారకం పోయడం అలవాటు. దానివల్ల వాసన పోతుంది. ద్రవం శుభ్రపడినట్లు మాత్రం కాదు. సాధారణ బాక్టీరియా చనిపోయిన చోట, మందుకు లొంగని మైకోబాక్టీరియాలు స్థిరపడగలవు. అతివేగంగా తిరిగే పనిముట్టు ద్రవాన్ని మంచులా చిమ్ముతుంది. ఆ తుంపరలతో అవి ఊపిరితిత్తులకు చేరి, దగ్గు, జ్వరం, ఆయాసం కలిగించే ఎలర్జీ వ్యాధికి కారణమవుతాయి. జలుబేనని సరిపెట్టుకొనేవారే ఎక్కువ. సెలవు రోజుల్లో తగ్గి, పనిలోకి రాగానే తిరగబెట్టడం దాని గుర్తు. 2000 దశకం తొలినాళ్ళలో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఒక కార్ల ఇంజన్ల కర్మాగారంలో పదుల సంఖ్యలో కార్మికులు ఇటువంటి జబ్బులకు, ఉబ్బసానికి గురయ్యారు. ఈ తుంపరలకు 1998లో అమెరికా వృత్తి ఆరోగ్య పరిశోధనా సంస్థ ఘనమీటరు గాలికి 0.4 మిల్లీగ్రాములు మించరాదని సూచించింది. చట్టం మాత్రం ఖనిజ తైలపు తుంపరకు 5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తూనే ఉన్నది. ఈ రెండు అంకెల మధ్య పీల్చే గాలి కార్మికునిదే.

ద్రవాన్ని పూర్తిగా మానవచ్చునా? గంటకు 10 నుండి 100 మిల్లీలీటర్ల శాకతైలాన్ని గాలితో చిమ్మి పని జరిపే పద్ధతి అల్యూమినియం వంటి లోహాలకు చక్కగా పనికివస్తుంది. ప్లేనోకు నైరుతి దిశలోని ఫోర్ట్‌వర్త్ విమాన పరిశ్రమకు కావలసిన టైటానియం అంత సులభంగా లొంగదు. ఉక్కు కంటే అది వేడిని ఎన్నోరెట్లు తక్కువగా వెళ్ళనిస్తుంది. వేడంతా మొన దగ్గరే చిక్కుకుంటుంది. అక్కడ ధార తప్పదు. ధార ఉన్నచోట యంత్రానికి మూత, గాలిని లాగే ఏర్పాటు, పైన తేలే నూనెను తీసివేయడం, రోజూ పీహెచ్ చూడడం తప్పవు. సుమారు 9 ఉండవలసిన ఆ విలువ పడిపోతూ ఉంటే, వాసన రాకమునుపే సూక్ష్మజీవులు పెరుగుతున్నట్లు లెక్క.

నైట్రైటు ఖాళీ చేసిన స్థానంలోకి వచ్చినవాటిలో సెబాసిక్ ఆమ్లపు లవణాలు ఉన్నాయి. ఆముదాన్ని గాఢ క్షారంతో అధిక ఉష్ణోగ్రతవద్ద కాచి ఆ ఆమ్లాన్ని తయారుచేస్తారు. పాలమూరు, నల్లగొండ మెట్టభూములలో వానకు ఎదురుచూసే రైతు పండించేదీ ఆ ఆముదాలనే.