శబ్దాన్ని మింగిన చక్రం

2014 మే నెలలో బార్సిలోనా దగ్గరి రేసు ట్రాక్ మీదికి మెర్సిడెస్ జట్టు ఒక వింత కారును వదిలింది. ఆ ఫార్ములా వన్ కారు పొగగొట్టం కొసకు సన్నాయి బూరలాంటి పెద్ద గరాటా బిగించి ఉంది. నడిపింది నికో రోస్‌బర్గ్. గరాటా పెట్టింది వేగం కోసం కాదు, చప్పుడు కోసం. అంతకు ముందు ఏడాది వరకు నిమిషానికి 18,000 చుట్లు తిరుగుతూ చెవులు గింగురుమనిపించిన 2.4 లీటర్ల వి8 ఇంజన్లు పోయి, 1.6 లీటర్ల టర్బో వి6లు వచ్చాయి. బలంలో అవేమీ తీసిపోలేదు. అయినా మెల్‌బోర్న్‌లో తొలి రేసు చూసిన జనం ఉసూరుమన్నారు. ఆ పాత కేక ఏదని అడిగారు. గరాటాతో పెద్ద తేడా రాలేదు. టర్బోలోకి వెళ్లకుండా పక్కదారిన వచ్చే పొగకు విడిగా గొట్టం ఉండాలని 2016లో నియమం పెట్టాక గానీ ఆ గొంతు కాస్త పెగల్లేదు.

ఆ కేకను మింగింది టర్బోయే. టర్బో పెట్రోల్ కారు కొని, దాని పికప్ ఇంకాస్త పెంచుకోవాలని, గొంతు ఇంకాస్త గంభీరంగా ఉండాలని ఆశపడే ప్రతివాడికీ ఎదురయ్యే చిక్కు ఇదే. బలం ఎక్కడి నుంచి వస్తోందో, శబ్దం అక్కడే పోతోంది.

ఇంజన్‌లో కాల్చిన పెట్రోల్ శక్తిలో దాదాపు మూడో వంతు వేడి పొగగా గాలిలో కలిసిపోతుంది. స్విట్జర్లాండ్‌లోని వింటర్‌తూర్‌లో పుట్టిన ఆల్‌ఫ్రెడ్ బ్యూకి అనే ఇంజనీరు దృష్టి ఈ వృథా మీద పడింది. పోయే పొగతో ఒక చక్రాన్ని తిప్పాలి. అదే ఇరుసు రెండో కొసన ఇంకో చక్రం ఉండి, బయటి గాలిని ఒత్తి ఇంజన్‌లోకి తొయ్యాలి. గాలి ఎంత ఎక్కువ దొరికితే అంత ఇంధనాన్ని కాల్చవచ్చు. టర్బో అంటే ఇదే. 1905లో ఆయన దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఆలోచన చిన్నదే. కానీ ఆ వేడికీ ఆ వేగానికీ ఓర్చుకునే లోహాలు అప్పటికి లేవు. మరో ఇరవై ఏళ్లకు, ప్రాయిసెన్, హాన్జెస్టాట్ డాంజిగ్ అనే జర్మన్ ప్రయాణికుల ఓడల్లో ఆ కల నిజమైంది. 1,750 హార్స్‌పవర్ ఇచ్చే డీజిల్ ఇంజన్లు టర్బోతో 2,500 ఇచ్చాయి.

ఈలోగా అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ అదే చక్రాన్ని కొండెక్కించాడు. ఎత్తుకు వెళ్లే కొద్దీ గాలి పలచబడి విమానం ఇంజన్ నీరసపడిపోతుంది. 1918లో ఆయన బృందం లిబర్టీ అనే విమాన ఇంజన్‌ను లారీ మీద పెట్టి, 14,000 అడుగులకు పైగా ఎత్తున్న పైక్స్ పీక్ కొండ మీదికి చేర్చింది. కింద 350 హార్స్‌పవర్ ఇచ్చిన ఇంజన్, అక్కడ 230 మాత్రమే ఇచ్చింది. టర్బో బిగించాక 356. పోయినదంతా తిరిగి వచ్చింది, పైన ఆరు ఎక్కువ!

కార్ల దగ్గరకొచ్చేసరికి కథ ఇంత సాఫీగా నడవలేదు. ఒత్తిన గాలి వేడెక్కుతుంది. ఆ వేడికి పెట్రోల్, స్పార్క్ ప్లగ్ మంట చేరకముందే తనంతట తాను పేలుతుంది. మెకానిక్‌లు నాకింగ్ అనేది దీన్నే. పిస్టన్ మీద సుత్తితో కొట్టినట్టుంటుంది. 1962లో ఓల్డ్స్‌మొబిల్ జెట్‌ఫైర్ అనే కారు ఈ వేడిని ఆపడానికి నీళ్లూ మిథనాలూ కలిపిన ద్రవాన్ని ఇంజన్‌లోకి చిమ్మింది. దానికి వేరే ట్యాంకు. చాలామంది దాన్ని నింపడం మరిచిపోయేవారు. చివరికి కంపెనీయే అడిగినవారికి టర్బో పీకేసి మామూలు కార్బురేటర్ పెట్టి ఇచ్చింది.

టర్బోను రోజువారీ కారుకు మచ్చిక చేసింది స్వీడన్ వాళ్లు. 1977లో సాబ్ 99 టర్బో వచ్చింది. పెద్ద టర్బో పెట్టి పై వేగాల్లో బలం రాబట్టడం వాళ్ల ఉద్దేశం కాదు. చిన్నది పెట్టి, తొందరగా తిరగనిచ్చి, ఒత్తిడి హద్దు దాటగానే మిగతా పొగను వేస్ట్‌గేట్ అనే చిన్న తలుపు గుండా పక్కకు పంపారు. 1980ల తొలినాళ్లలో ఇంజన్‌కు ఒక చెవి కూడా పెట్టారు. సిలిండర్ గోడకు అతికిన చిన్న సెన్సర్ నాకింగ్‌ను వింటుంది, వినగానే టర్బో గాలిని తోసే ఒత్తిడి, అంటే బూస్ట్, తగ్గుతుంది. ఈ పరికరం పేరు అంతగా వినపడదు గానీ, ఈ కథలో దానిదే అతి ముఖ్యమైన మలుపు. నేటి ట్యూనింగ్ అంతా ఆ చెవిని నమ్ముకునే సాగుతోంది.

మన దేశంలో 2013లో వచ్చిన పోలో జీటీ టీఎస్ఐని చూడండి. 1.2 లీటర్ల ఇంజన్, 105 పీఎస్ బలం, 175 న్యూటన్ మీటర్ల టార్క్. ట్యూనింగ్ మోజున్న కుర్రకారుకు చాలాకాలం ఇష్టమైన కారు. ఇలాంటి కారుకు మొదటి మెట్టు రీమ్యాప్. బానెట్ ఎత్తే పనే ఉండదు. ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌లో బూస్ట్, ఇంధనం, స్పార్క్ ఇచ్చే క్షణం, ఈ లెక్కలు మారుస్తారు. టర్బో లేని ఇంజన్‌లో ఇదే పని చేస్తే దక్కేది కొసరంతే. టర్బో ఇంజన్‌లో గాలి మోతాదే మన చేతిలో ఉంది కాబట్టి తేడా డ్రైవరు నడుముకు తెలుస్తుంది. అయితే ఆ కారు ఏడు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్ మోయగలిగిన టార్క్, తయారీదారు లెక్కలో, 250 న్యూటన్ మీటర్లు. ఇంజన్ ఇవ్వగలిగినదంతా పిండుకుంటే, క్లచ్ తన బాధ చెప్పుకుంటుంది.

ఎండ ఇంకో హద్దు. వేసవిలో విజయవాడలో 40 డిగ్రీల గాలిని 1 బార్ బూస్ట్‌కు ఒత్తితే, కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అనుకున్నా, ఆ గాలి 135 డిగ్రీలు దాటుతుంది. చల్లార్చడానికి ఇంటర్‌కూలర్ ఉంటుంది. బూస్ట్ పెంచి దాన్ని పాతదే ఉంచితే, నాలుగు సార్లు గట్టిగా తొక్కేసరికి చెవి నాకింగ్ వింటుంది, కంప్యూటర్ స్పార్క్‌ను వెనక్కి జరుపుతుంది, డబ్బు పోసి కొన్న బలం మధ్యాహ్నం ట్రాఫిక్‌లో ఆవిరైపోతుంది. అందుకే అనుభవమున్న ట్యూనర్ ముందు ఇంటర్‌కూలర్ గురించి, తర్వాత పెట్రోల్ ఆక్టేన్ గురించి, అంటే నాకింగ్‌ను ఓర్చుకునే దాని గుణం గురించి, అడుగుతాడు. ఇక్కడ బంకుల్లో ఏళ్లతరబడి దొరికిన మామూలు పెట్రోల్ 91 ఆక్టేన్‌ది. ఇండియన్ ఆయిల్ 100 ఆక్టేన్ పెట్రోల్ తెచ్చింది 2020 డిసెంబరులోనే.

ఇక శబ్దం. నాలుగు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 100 సార్లు పేలుతుంది. ఒక్కో పేలుడూ పొగగొట్టంలోకి ఒక ఒత్తిడి అలను పంపుతుంది. మనకు వినపడేది ఆ అలే. దానికి టర్బైన్ రెక్కలు అడ్డం. అలలోని శక్తిని అవి చక్రం తిప్పడానికి వాడుకుంటాయి. సైలెన్సర్ మార్చేవాళ్లు ఆ మిగిలిన కాస్త గొంతునే పెంచగలరు. టర్బోను ఆనుకుని ఉండే డౌన్‌పైప్‌ను వెడల్పు చేస్తే పొగ సులువుగా పోతుంది, టర్బో ముందే మేల్కొంటుంది, గొంతూ లోతవుతుంది. అంతవరకు శాస్త్రం వారి పక్షాన ఉంది. కాని గొట్టం మధ్యలోని రెజొనేటర్ డబ్బా పీకేస్తే, హైవే మీద ఒకే వేగంలో పోతున్నప్పుడు 80-100 హెర్ట్జ్ దగ్గర ఒక హోరు మొదలై గంటసేపు బుర్రలో తిరుగుతుంది. కాలు తీసినప్పుడు టపటపమనిపించే మ్యాప్‌లు ఇంకా హానికరం. స్పార్క్‌ను కావాలని ఆలస్యం చేసి పెట్రోల్‌ను పొగగొట్టంలోనే కాలుస్తాయి. ఆ మంట తగిలేది కేటలిటిక్ కన్వర్టర్‌కు, టర్బో రెక్కలకు.

మన చట్టం కూడా ఇక్కడ గట్టిగానే ఉంది. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ తయారుచేసిన కొలతలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చి చెప్పింది. విశాఖలోనూ హైదరాబాద్‌లోనూ పోలీసులు మార్చిన సైలెన్సర్లను, ఎక్కువగా బైకులవి, రోడ్డు రోలర్ కింద నలిపించారు. అర్ధరాత్రి ఆ మోతకు ఉలిక్కిపడి లేచిన పసిపిల్లల తల్లులకు అది అన్యాయంగా తోచి ఉండదు.

కంపెనీలు వేరే దారి వెతుక్కున్నాయి. బీఎండబ్ల్యూ తన టర్బో ఎం5లో ఇంజన్ గొంతును కారులోని స్పీకర్ల గుండా వినిపించింది. 2012లో వచ్చిన ఫోర్డ్ ఫోకస్ ఎస్‌టీ పద్ధతి మరీ ముచ్చటైనది. పొగ వైపు పోయిన శబ్దాన్ని వదిలేసి, ఇంజన్ గాలి పీల్చే వైపు శబ్దాన్ని పట్టుకున్నారు. అక్కడి నుంచి డ్రైవరు ముందున్న గోడ వరకు ఒక గొట్టం వేసి, మధ్యలో డప్పు చర్మంలా కంపించే పలుచని పొర పెట్టారు. యాక్సిలరేటర్ తొక్కగానే గొట్టంలోని చిన్న తలుపు తెరుచుకుంటుంది, పొర వణుకుతుంది, ఇంజన్ ఊపిరి కారులోపలికి వస్తుంది. అద్దాలు ఎత్తి ఉంటే ఆ గర్జన స్టీరింగ్ పట్టుకున్నవాడిదే. రోడ్డు పక్కన నిలబడ్డవాళ్లకు మాత్రం మామూలు కారే వెళ్లిపోతుంది.