చర్మానికీ ఓ ట్యూన్ కట్టండి!

ఫోన్ వైబ్రేషన్‌లో పెట్టి జేబులో వేసుకున్నా, వచ్చింది కాలో మెసేజో తీసి చూడకుండానే చెప్పేస్తారు కదా? అంటే మీ చర్మానికి లయ తెలుసు. ఆ లయతో సంగీతంలాంటి అనుభూతిని కూర్చడమే హ్యాప్టిక్ కంపోజిషన్.

చెవి వేరు.. చర్మం వేరు

పాటలోని బేస్‌ని నేరుగా మోటారుకు ఇచ్చేస్తే సరిపోతుందనుకుంటారు చాలామంది. తీరా చేస్తే మిగిలేది బుర్రుమనే మోతే! ఎందుకంటే చెవి 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది. చర్మం సుమారు 1,000 దగ్గరే ఆగిపోతుంది. అందులోనూ 250 చుట్టుపక్కల కంపనాలకే బాగా స్పందిస్తుంది. దగ్గరదగ్గర స్వరాల తేడా దానికి అంతగా తెలియదు. ఆపకుండా కంపిస్తుంటే మొద్దుబారిపోతుంది కూడా. కానీ లయ, బలం, విరామం, ఒంటిమీద తగిలిన చోటు.. వీటిని ఇట్టే పట్టేస్తుంది. కాబట్టి రాగాన్ని మక్కీకి మక్కీ దించొద్దు. చర్మానికి తెలిసిన భాషలోనే కొత్తగా రాయండి.

ఈ ఆలోచన ఇప్పటిది కాదు. స్పర్శ కోసమే కంపోజ్ చేసే 'స్కిన్‌స్కేప్' అనే టూల్‌పై ఎరిక్ గుంథర్ 2001లోనే ఎంఐటీలో థీసిస్ రాశారు. వినికిడి లోపమున్న స్కాట్లాండ్ పెర్కషనిస్ట్ ఎవలిన్ గ్లెనీ కంపనాలు తెలియడానికి చెప్పుల్లేకుండా వాయిస్తారు. 2024లో యాపిల్ ఐఓఎస్ 18లో 'మ్యూజిక్ హ్యాప్టిక్స్' తెచ్చిందీ వినికిడి సమస్య ఉన్నవారి కోసమే.

ఇలా మొదలుపెట్టండి

* ఆండ్రాయిడ్ 8 నుంచి 'వైబ్రేషన్ ఎఫెక్ట్' ఉంది. ఎన్ని మిల్లీసెకన్లు, ఎంత బలం (0-255) అని అంకెలు ఇస్తే చాలు. బలం మార్చే వీలు మీ ఫోన్‌లో ఉందో లేదో ముందు చూసుకోండి.

* ఐఫోన్‌లో 'కోర్ హ్యాప్టిక్స్' ఉంది. బలంతోపాటు పదునునూ 0 నుంచి 1 మధ్య మార్చుకోవచ్చు.

* ఆర్డుయినోతో అయితే చిన్న కాయిన్ మోటార్ చాలు. దాన్ని నేరుగా పిన్‌కి కలపొద్దు, మధ్యలో ట్రాన్సిస్టర్ పెట్టండి. ఇందులో వేగం పెరిగితే బలమూ పెరుగుతుంది. రెండూ విడిగా కావాలంటే వేరే రకం మోటార్ చూసుకోవాలి.

ఎక్కడ పనికొస్తుంది?

గేమ్ కంట్రోలర్లు, స్మార్ట్‌వాచ్‌లు, కార్ల టచ్‌స్క్రీన్లు, వీఆర్.. అన్నిచోట్లా ఈ పని ఉంది. సిగ్నల్ ప్రాసెసింగ్, ఎంబెడెడ్ సి నేర్చుకోండి. డప్పో, మృదంగమో చేతిలో ఉంటే అదీ ప్లస్సే!

ముందు పది సెకన్ల ముక్క ఒకటి కట్టండి. వినికిడి లోపమున్న వారి చేతిలో ఆ ఫోన్ పెట్టి, 'ఏమనిపించింది?' అని అడగండి. సైగలతోనో, రాసిచ్చో వాళ్లు చెప్పింది విని మార్చండి. మీ మొదటి శ్రోతలు వాళ్లే.