బిడ్డ జట్టుకు ఎంపికైనప్పుడు

మా సంఘములోని ఒక బాలుడు బాస్కెట్‌బాల్‌లో జిల్లా జట్టుకు ఎంపికయ్యాడు. తండ్రి చేనుపని మానుకొని రాష్ట్ర పోటీలు చూడవెళ్లాడు. కుమారుడు మూడు ఆటలూ బెంచిమీదే కూర్చున్నాడు. తిరుగు బస్సులో తండ్రి, "నిన్నెందుకు ఆడించలేదురా?" అని పదే పదే అడిగాడట. మరునాటినుండి ఆ బిడ్డ బంతి ముట్టలేదు. తండ్రి కలవరపడి మా యొద్దకు వచ్చాడు.

ప్రియమైన తల్లిదండ్రులారా, కొన్ని సంగతులు ముందే తెలుసుకోవడం మంచిది. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ ఈ ఆటను మొదలుపెట్టినప్పుడు తరగతిలోని 18 మందీ ఆడారు. నేటి పోటీలు అలా కావు. జట్టులో 12 మంది ఉంటే కోర్టులో ఆడేది 5గురే. ఆట 40 నిమిషములే. అయిదు ఫౌళ్లు చేసినవాడు బయటికి రావలసిందే. అప్పుడు బెంచిమీదివాడు సిద్ధముగా ఉండాలి. కూర్చోవడం అవమానము కాదు, అదీ జట్టుపనే.

బూట్లకు, ప్రయాణాలకు ఖర్చవుతుంది. కొన్ని పాఠములు పోతాయి. పాఠశాలల పోటీలు 14, 17, 19 ఏండ్లలోపు విభాగాలుగా జరుగుతాయి గనుక, ఈ ఏడు ఎంపికైన బిడ్డ వచ్చే ఏడు పెద్దవారి మధ్య నిలువలేకపోవచ్చు. ఎవరిని ఆడించాలన్నది కోచ్‌కు విడిచిపెట్టండి. సందేహముంటే మరొక రోజు నెమ్మదిగా అడగండి.

ఆ తండ్రికీ ఇదే చెప్పాము. బిడ్డ తిరిగి వచ్చినప్పుడు మొదట, "అన్నం తిన్నావా నాయనా?" అని అడుగుదాము. ఆట సంగతి వాడే చెబుతాడు.